కరుణాకర్ కొన్న తేలిక స్టాండు

ధర్మపురి బస్టాండు నుంచి గుడికి పోయే దారిలో ‘తిరుమల డిజిటల్స్’ అని ఒక ఫోటో స్టూడియో ఉంది. బోర్డు మీది పేరు భార్యది, లోపలి కుర్చీ భర్తది. భర్త పేరు కరుణాకర్. పెళ్లిళ్లకు, బాసరలో పిల్లల అక్షరాభ్యాసాలకు, పిలిస్తే ఇచ్చోడ దాకా పోయి పుట్టినరోజులకు వీడియోలు తీస్తాడు. పనికి బయలుదేరినప్పుడు కెమెరా ఆయన మెడలో ఉంటుంది. కెమెరాను నిలబెట్టే మూడు కాళ్ల ట్రైపాడ్ తిరుమల భుజం మీద ఉంటుంది. వాళ్లిద్దరూ దాన్ని స్టాండు అనే అంటారు.

ఆ స్టాండు పాతకాలపుది. ఎత్తితే పొలానికి నాగలి మోసుకుపోతున్నట్టే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో తిరుమల అడిగింది, నువ్వెందుకు మొయ్యవని. “బరువు మోస్తే చేతులు వణుకుతయే. చేతులు వణికితే బొమ్మ వణుకుతది” అన్నాడు కరుణాకర్. కళ కోసం ఆయన చేసిన త్యాగం అది. అప్పటి నుంచీ మోస్తూనే ఉంది. బస్సులో కండక్టర్ తన సీటు పక్కన స్టాండుకు చోటు చూపేవాడు. ఒకసారి పక్కన కూర్చున్న ముసలామె, “నీకు బరువైతది బిడ్డా” అని దాని కాళ్లను తన ఒళ్లో పెట్టుకొని జగిత్యాల దాకా వచ్చింది. దేవుడు మనుషులకు కళ్లిచ్చినందుకు తిరుమల ఆ రోజు మనసులోనే దండం పెట్టుకుంది. ఆ కళ్లు కరుణాకర్‌కు కూడా ఉన్నాయి. అయితే ఆయన వాటిని కెమెరాకు ఆనించి ఉంచుతాడు.

నిరుడు ఎండాకాలం తిరుమల భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు, జడ వేసుకోవడానికి పక్కింటి పిల్లను పిలవాల్సి వచ్చింది. అప్పుడు కరుణాకర్‌కు నిజంగానే బాధ కలిగింది. రెండు పూటలా భుజానికి నూనె రాశాడు. రాస్తూ రాస్తూ, “నీకోసం తేలిక స్టాండు కొంటనే” అన్నాడు. బరువు తగ్గించాలన్న ఆలోచన వచ్చింది కానీ, తను మోయాలన్న ఆలోచన మాత్రం ఆ నూనెలో ఎక్కడా తగల్లేదు.

అక్కడి నుంచి వెతుకులాట మొదలైంది. అన్నం తింటూ ఫోన్‌లో స్టాండ్ల వీడియోలు చూసేవాడు. పప్పు వెయ్యనా అని తిరుమల అడిగితే, “ఇది కార్బన్‌ది” అనేవాడు. అల్యూమినియం కాళ్లయితే చవక, కార్బన్ కాళ్లయితే తేలిక. కాలికి మూడు ముక్కలుంటే గట్టిగా నిలుస్తుంది, ఐదు ముక్కలుంటే సంచిలో పడుతుంది. తిప్పి బిగించేవి కొన్ని, క్లిప్పు వేసేవి కొన్ని. ఇవన్నీ తేలినా ఇంకా హెడ్ మిగిలి ఉంది. కెమెరాను పట్టుకునేది అదే. పిడి ఉన్న హెడ్ వీడియోకు మంచిది, అటూ ఇటూ మెల్లగా తిరుగుతుంది. గుండు హెడ్ చిన్నగా, ముద్దుగా ఉంటుంది. లోపల ఒక గుండు, బయట ఒక మర. మర వదిలితే కెమెరా ఎటైనా వాలుతుంది.

కరీంనగర్‌లో కెమెరా సామాన్లు అమ్మే గోపాల్ అతని కోసం స్టాండ్లన్నీ దించి, విప్పి, మడిచి, అలిసిపోయాడు. ఒకసారి తిరుమలను కూడా వెంట తీసుకుపోయాడు కరుణాకర్. ఆమెను చూసి గోపాల్ తన గోడు చెప్పుకున్నాడు.

“వదినా, అన్న పిల్లను చూసెటందుకు గుడ ఇన్నిసార్లు పోయి ఉండడు.”

“నన్ను చూడ వచ్చినప్పుడు ఛాయ్ గుడ పూర్తిగ తాగలే” అంది తిరుమల. “మంచిగనే ఉన్నదని లేసి పోయిండు.”

“మరి స్టాండు రోజూ వాడేది గదనే” అన్నాడు కరుణాకర్, చేతిలోని కాలును బిగించి చూస్తూ.

గోపాల్ తల పక్కకు తిప్పుకొని నవ్వాడు. తర్వాత ధర్మంగా ఒక మాట చెప్పాడు. “అన్నా, నీ కెమెరా బరువున్నది. గీ సన్న కాళ్లు, గీ గుండు దానికి ఆగయి. జర బరువున్నదే తీస్కో, పిడి హెడ్ పెట్టిస్త.” కరుణాకర్ వినలేదు. అన్నిటికంటే తేలికైనదే ఏరాడు, దాని మీద గుండు హెడ్ పెట్టించాడు. చిటికెన వేలితో ఎత్తి ఊపాడు. ఇంటికి వచ్చాక వాడకట్టు వాళ్లందరి చేతా ఎత్తించాడు. చూసిన ప్రతివాళ్లూ, “అబ్బో, ఈక తీర్గ ఉన్నది” అన్నారు. పాత స్టాండు దోమతెర కట్టుకోవడానికి పనికొచ్చింది.

కొత్తదాని మొదటి పని ఇంటివాళ్లదే అయింది. తిరుమల అన్న రాయమల్లు మస్కట్‌లో ఉంటాడు. అతని బిడ్డ ప్రవళిక లగ్గం కుదిరింది. కంపెనీ వాడు సెలవు ఇయ్యలేదు. ముహూర్తం మార్చడం వియ్యంకులకు కుదరలేదు. రాయమల్లు చెల్లెకు ఫోన్ చేసి పందిరి సంగతి, వంటల సంగతి అన్నీ అడిగాడు. చివరికి, “చెల్లె, కాళ్లు తమ్ముడు కడుగుతడు తియ్యి. నాకు పుస్తె కట్టంగ కనబడితే చాలు. గదొక్కటి జర చూడు” అన్నాడు.

తిరుమల అదే మాట కరుణాకర్‌తో అంది. “లగ్గం అంతా ఎట్ల తీసినా మంచిదే. పుస్తె కట్టంగ అన్నకు కనబడాలె.”

“ఫికర్ చెయ్యకు. కొత్త స్టాండు ఉన్నది గద.”

“పాతది గుడ ఏస్కపోదమా?”

“పాతది తెస్తే కొత్తదాని పరువేమైతది?”

రాయమల్లు ఊరు గోదావరి అవతల. ఇంటి ముందు పెద్ద పందిరి వేశారు. ఎండలు మండుతున్నాయని పందిరికి నాలుగు మూలలా పెద్ద పెద్ద కూలర్లు పెట్టారు. కెమెరాలో పడేది తీగ మీదుగా ఒక మూలనున్న పెద్ద తెర మీదికి, అక్కడి నుంచి మస్కట్‌లోని రాయమల్లు ఫోన్‌కు పోతుంది. అతను తనతో గదిలో ఉండేవాళ్లందరినీ పోగు చేసుకొని కూర్చున్నాడట. తెల్ల అంగీ కూడా వేసుకున్నాడట.

కరుణాకర్ కూలర్‌కు ఎదురుగా స్టాండు నిలబెట్టాడు. కూలర్ తిరిగింది, స్టాండు వణికింది, తెర మీద పెళ్లికొడుకు వణికాడు.

“ఏందిరా, పిలగానికి చలిజ్వరమా?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. పందిరి నవ్వింది.

తేలిక స్టాండు నడిమి కడ్డీ కింద ఒక కొక్కెం ఉంటుంది. గాలికి కదలకుండా దానికి బరువు వేలాడదీయాలని కరుణాకర్ వీడియోల్లో చూశాడు. ఏడాది పాటు వెతికి బరువు లేని స్టాండు కొన్న మనిషి, ఇప్పుడు బరువు కోసం పందిరంతా వెతికాడు. ఇటుక దొరకలేదు. అరుగు మీద ఎర్ర గుడ్డలో కట్టిన మూట ఒకటి కనిపించింది. ఎత్తి చూశాడు, సరిగ్గా సరిపోయింది. కొక్కేనికి తగిలించాడు. స్టాండు గుట్టలా నిలిచింది. పెళ్లికొడుక్కు జ్వరం తగ్గింది.

అది ఒడిబియ్యం మూట. అప్పగింతలప్పుడు పిల్ల ఒడిలో పోయడానికి పసుపు కలిపి, పోకలు, ఖర్జూరాలు వేసి, భూమవ్వ స్వయంగా కట్టినది. భూమవ్వ రాయమల్లుకూ తిరుమలకూ తల్లి. ఉపవాసం ఉండి, చేతులు కడుక్కొని, నరసింహస్వామిని తలుచుకుంటూ కట్టింది.

తిరుమల పెళ్లిపిల్ల వెనక కొంగు సర్దుతూ ఉండి ఇదేమీ చూడలేదు. జీలకర్ర బెల్లం అయింది. పుస్తెల పళ్లెం పందిరంతా తిరిగింది. చుట్టాలందరూ పుస్తెలను ముట్టి, కళ్లకద్దుకొని, దీవించి పంపారు. పళ్లెం తిరిగి అయ్యగారి చేతికి వచ్చింది.

అప్పుడే భూమవ్వకు ఒడిబియ్యం యాదికొచ్చి అరుగు మీద చూసింది. మూట లేదు. గాభరాగా పందిరిలో వెతికితే, జనం కాళ్ల నడుమ కెమెరా స్టాండుకు వేలాడుతూ కనిపించింది. ఆమె ఎవరినీ తిట్టలేదు. వంగి, మూటను కొక్కెం నుంచి తీసుకొని, కొంగుతో తుడిచి, గుండెకు ఆనించుకొని, “తప్పయింది తల్లీ” అనుకుంటూ ఇంట్లోకి పోయింది.

కూలర్ ఇటు తిరిగింది. స్టాండు ఒక కాలు లేపి, ఆలోచించి, జంపఖానా మీద పడిపోయింది.

కెమెరా బతికింది. కానీ స్టాండు సన్న కాలు అతుకు దగ్గర పగిలింది, హెడ్ మర వంగిపోయింది. కరుణాకర్ దాన్ని లేపి నిలబెడితే కెమెరా తాగినోడిలా తల వాల్చింది. మర తిప్పాడు, ఇంకొంచెం వాల్చింది. పెద్ద తెర మీద పందిరి బట్ట, తర్వాత ఎవరివో చెప్పులు, మళ్లీ పందిరి బట్ట.

తిరుమల ఫోన్ మోగింది. రాయమల్లు.

“చెల్లె, నాకు టెంటు బట్ట కనబడుతున్నది.”

“ఒక్క నిమిషం అన్నా.”

“పుస్తె అయిపోయిందా?”

“కాలే అన్నా. కాలే.”

ఆమె ఫోన్ చెవి దగ్గరే ఉంచుకొని వేదిక మీదికి చూసింది. అయ్యగారు పుస్తె చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఒకసారి ఆమె మొహం చూశాడు, ఒకసారి తెర మీది పందిరి బట్ట చూశాడు. ఏమనుకున్నాడో, పుస్తెను మళ్లీ పళ్లెంలో పెట్టాడు.

“పెద్దలందరికీ ముట్టియ్యి నాయనా” అని పళ్లెం పెళ్లికొడుకు తమ్ముడి చేతికిచ్చాడు.

“ఇందాక ముట్టినం గద అయ్యగారూ” అన్నాడు ముందు వరుసలో ఉన్న బుచ్చిరాములు. పెళ్లికొడుకు పెదనాయన ఆయన.

“మళ్ల ముట్టు. రెండుసార్లు దీవిస్తే నీ సొమ్మేం పోతది? ముహూర్తం ఇంకా ఉన్నది.”

బుచ్చిరాములు తెర వైపు చూశాడు. అర్థమైంది. తను మళ్లీ ముట్టి, పళ్లెం పట్టుకొని, “ఆడోళ్ల దిక్కు గుడ పొమ్మను. వంటకాడున్నోళ్లు ముట్టలే, వాళ్లకు గుడ” అన్నాడు. మగపెళ్లివాడు, ఆడపెళ్లివారి కోసం ఆ మాట అనాల్సిన పని లేదు. అన్నాడు. పళ్లెం మెల్లగా, అందరికీ వంగి వంగి, వంటల దాకా ప్రయాణం పెట్టుకుంది.

తిరుమల వచ్చి కెమెరాను స్టాండు నుంచి విప్పింది. చేతులతో పట్టుకుంది. చేతులు వణికాయి. తెర మీద పెళ్లికొడుక్కు జ్వరం తిరగబెట్టింది. ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి చూసింది. ముందు నిలబడిన ఆడవాళ్ల నడుములు కనిపించాయి. ఆమె చుట్టూ చూసింది. ఎదురుగా, విరిగిన కార్బన్ కాలును చేతిలో పట్టుకొని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ కరుణాకర్ నిలబడి ఉన్నాడు.

“వంగు” అంది.

“ఏంది?”

“మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగు.”

“ఏమే, ఇంతమందిల...”

“పళ్లెం వంటకాడికెల్లి తిరిగొస్తున్నదయ్యా. వంగు.”

కరుణాకర్ వంగాడు. ఆటలో బడిపిల్లలు వంగినట్టు, రెండు మోకాళ్ల మీద చేతులు ఆనించి. తిరుమల అతని వీపు మీద, రెండు భుజాల నడుమ, కెమెరా పెట్టింది. ఎత్తు కొలిచినట్టు సరిపోయింది.

“బరువున్నదే” అన్నాడు కరుణాకర్ కింది నుంచి.

“ఎరుకే. కదలకు.”

“భుజం గుంజుతున్నది.”

“సాయంత్రం నూనె రాస్త.”

పందిరిలో నవ్వు రాలేదు. ఆ తర్వాత ఏడాదంతా నవ్వడానికి దాచుకున్నారేమో. ఇద్దరు ముగ్గురు మాత్రం ఫోన్లు తీశారు. ముందు నిలబడిన ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకొని దారి ఇచ్చి కూర్చున్నారు. ఎవరో పోయి కూలర్లన్నీ బంద్ చేశారు. ఆ ఎండలో అంతమంది చెమటలు కార్చుకుంటూ చప్పుడు లేకుండా కూర్చున్నారు.

పళ్లెం అయ్యగారి దగ్గరికి చేరింది. ఆయన తెర వైపు చూశాడు. తెర మీద ప్రవళిక వంచిన తల, మెడ, మెడ మీద పసుపు కనిపిస్తున్నాయి. తల ఆడించి, పుస్తె పెళ్లికొడుక్కు అందించాడు. గట్టిమేళం మోగింది. అక్షింతలు పడ్డాయి. సగం కరుణాకర్ వీపు మీద పడ్డాయి. మూడో ముడి పడేదాకా తిరుమల కన్ను ఆర్పలేదు.

సాయంత్రానికి కరుణాకర్ వంగిన ఫోటో గోదావరికి రెండు దిక్కులా అందరి ఫోన్లలో ఉంది. కింద ఎవరో రాశారు, ఈ స్టాండు ఏ కంపెనీదో చెప్పండని. టెంటు హౌజ్ హనుమండ్లు ఎదురుపడి, “కాకా, దీని కాళ్లు రెండేనా, మూడోదేడున్నది?” అని మర్యాదగా అడిగాడు. భూమవ్వ మాత్రం అల్లుడిని పక్కన కూర్చోబెట్టుకొని, ఒడిబియ్యంలో మిగిలిన ఖర్జూరం ఒకటి చేతిలో పెట్టింది. “తిను బిడ్డా, అలిసిపోయినవు” అంది. మూట సంగతి ఎత్తలేదు. కరుణాకర్ ఆ ఖర్జూరాన్ని చాలాసేపు నమిలాడు.

అప్పుడు ఫోన్ మోగింది. మస్కట్ నుంచి రాయమల్లు. చెల్లెతో ముందు మాట్లాడాడు. ఏడ్చినట్టున్నాడు, ముక్కు పట్టేసి ఉంది. పుస్తె మంచిగా కనబడ్డదన్నాడు. ముడి వేసేటప్పుడు పిల్ల కన్ను మూసుకోవడం గుడ కనబడ్డదన్నాడు. తర్వాత బావకు ఇయ్యమన్నాడు.

“బావా, నీ మేలు మర్చిపోను. అంత మంచిగ తీసినవు. కొత్త స్టాండట గద, చెల్లె చెప్పింది.”

“ఆఁ” అన్నాడు కరుణాకర్. భార్య మొహం వైపు చూడలేదు.

“రెండో ముడి కాడ బొమ్మ జర కదిలినట్టయింది. గదేంది బావా, స్టాండుదేనా?”

కరుణాకర్ భుజం తడుముకున్నాడు. తిరుమల అప్పటికే నూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టుకుంది.

“ఊపిరి తీసుకున్న బావా” అన్నాడు.