వస్తువు రాకముందే కుట్టిన సంచి

మా అన్నయ్యను బస్టాండు పక్క సందులో అందరూ టేపు మాస్టారు అనేవాళ్ళు. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు. భోజనానికి కూర్చున్నా అలాగే, ఆస్పత్రికి వెళ్ళినా అలాగే. "తీసి పక్కన పెట్టొచ్చుగా, అదేమన్నా బంగారు గొలుసా?" అని నేను కసిరితే, "మన ఇంట్లో ఉన్న గొలుసు ఇదొక్కటేనే" అని నవ్వేవాడు.

సంచులు కుట్టడం మా పని. స్కూలు బ్యాగులు, ప్రయాణాల బ్యాగులు, మేస్త్రీలు పనిముట్లు వేసుకునే సంచులు, తెగిన పట్టీలు, ఊడిన జిప్పులు, ఏవైనా సరే. రెండు కుట్టుమిషన్లు పట్టేంత కొట్టు. ఒకదాని ముందు అన్నయ్య, రెండోదాని ముందు నేను. వదిన పోయేనాటికి వాళ్ళ కూతురు అమ్మడికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. దాన్ని చూసుకుందామని వచ్చినదాన్ని, ఆ ఇంట్లోనే, ఆ కొట్టులోనే ఉండిపోయాను. అంచులు కట్టడం, పట్టీలు మడవడం వరకే నాకు అప్పగించేవాడు. ఎప్పుడైనా అసలు కుట్టు వేస్తే దాని వెంట వేలితో తడిమి, ఎక్కడ కాస్త పక్కకు పోయినా "విప్పు" అనేవాడు. అంతే, ఒక్క మాట. తిట్టినా బాగుండేది. "విప్పను, ఎవడు చూడొచ్చాడు?" అని నేను ఎగిరితే, కిక్కురుమనకుండా తనే విప్పడం మొదలుపెట్టేవాడు. అది చూడలేక చచ్చినట్టు లాక్కుని నేనే విప్పేదాన్ని.

ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. వస్తువు ఎదురుగా లేకుండా గుడ్డ మీద కత్తెర పెట్టేవాడు కాదు. ఒకాయన తన వయొలిన్‌కు సంచి కావాలని వచ్చి, కొలతలు నోటితో గడగడా చెప్పాడు.

"వయొలిన్ తీసుకురండి" అన్నాడు అన్నయ్య.

"కొలతలు చెప్పాను కదయ్యా?"

"కొలతలకు కుట్టనండీ. వయొలిన్‌కు కుడతాను."

ఇంటికొచ్చిన బేరాన్ని చేజేతులా వెనక్కి పంపాడని నేను సాయంత్రందాకా సణుగుతూనే ఉన్నాను. మర్నాడు ఆయన వయొలిన్ పట్టుకుని రానే వచ్చాడు. అన్నయ్య దాన్ని చంటిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాడు. ఎంత స్థిరమైన చేతులో అవి.

ఆ చేతులకే వణుకు వచ్చింది.

మొదట్లో సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేవాడు. కళ్ళజోడు మార్చాలి కాబోలు అనుకున్నాను. తర్వాత టీ గ్లాసు నిండా పోయొద్దనడం మొదలుపెట్టాడు. ఒకరోజు కొట్టు మూసేసి డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. ఆ డాక్టరు వేళ్ళు చాపమన్నాడు, అటూ ఇటూ నడవమన్నాడు. "నరాల జబ్బు. మాత్రలతో కొంత నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా పోదు. మీ పని మెల్లమెల్లగా మానుకోవాల్సి వస్తుంది" అన్నాడు. బయటికొచ్చాక అన్నయ్య ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, ఎవరివో చూస్తున్నట్టు తన చేతులు చూసుకున్నాడు.

"అమ్మడికి చెప్పకే" అన్నాడు. "ఇప్పుడిప్పుడే కాలేజీలో చేరింది. తెలిస్తే చదువు మానేసి కొట్టులో కూర్చుంటానంటుంది."

"ఎన్నాళ్ళు దాస్తావు అన్నయ్యా? మూటగట్టి అటకెక్కించడానికి ఇదేమన్నా పాత గుడ్డా?"

"దాని ల్యాప్‌టాప్‌కు సంచి కుట్టేదాకా. ఆ ఒక్కటి కుట్టనివ్వు. తర్వాత నువ్వే చెబుదువుగాని."

అమ్మడికి ఇంజనీరింగ్‌లో ఇళ్ళూ వంతెనలూ కట్టే చదువులో సీటొచ్చింది. ఆ కబురు తెలిసిన రోజే అన్నయ్య నీలం కాన్వాసు గుడ్డ, లోపలికి మెత్తటి స్పాంజి, ఇత్తడి రన్నరున్న జిప్పు తెచ్చి అటక మీద దాచాడు. ఊరందరికీ సంచులు కుట్టినవాడి కూతురు చిన్నప్పటి నుంచీ ఎవరో బాగుకిచ్చి తీసుకెళ్ళకుండా వదిలేసిన బ్యాగులే మోసింది. తనకోసమని కొత్త గుడ్డ ఎప్పుడూ తెగలేదు. ఆ కొరత ఆయన్ని లోలోపల తినేస్తూ ఉండేది. చెయ్యి పూర్తిగా మాట వినకుండా పోయేలోపు, ఆ ఒక్క సంచి దానికి తన చేత్తో కుట్టివ్వాలి. ఆయన కోరికల్లా అదే.

కానీ అమ్మడు ల్యాప్‌టాప్ కొంటేగా! కాలికి బలపం కట్టుకుని షాపులన్నీ తిరిగింది. మా దగ్గరున్న డబ్బుకు రెండే దారులు. ఒకటి కొత్తది, పలచగా, తేలిగ్గా, తళతళలాడుతూ ఉంటుంది. రెండోది ఏదో ఆఫీసులో వాడి తీసేసింది, లావుగా, నల్లగా, ఇటుకంత చార్జరుతో ఉంటుంది. కొత్తదానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదట. వంతెన బొమ్మ గీసి ఇటూ అటూ తిప్పితే ఆయాసపడి ఆగిపోతుందట. పాతదానికి ఆ కార్డుంది, ర్యామ్ కూడా ఎక్కువే, కానీ దాని బ్యాటరీ ఆయుష్షు దేవుడికే తెలియాలి. సీనియర్లను అడిగితే ఒకరు ఔనంటే ఒకరు కాదన్నారు. కొన్నాళ్ళాగితే ధరలు తగ్గుతాయని ఇంకెవరో ఊదారు. వినీ వినీ నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక ఆదివారం ముగ్గురం కలిసి పెద్ద షాపుకు వెళ్ళాం. అన్నయ్య మెడలోంచి టేపు తీసి, ఆ పలచటి ల్యాప్‌టాప్ పొడుగు, వెడల్పు, మందం కొలవడం మొదలుపెట్టాడు. వణుకు కనపడకుండా మోచేయి బల్లకు ఆనించాడు. టై కట్టుకున్న సేల్స్‌మాన్ నవ్వాడు.

"ఏంటి సార్, దీనికి చొక్కా కుట్టిస్తారా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ నోటికి జిప్పు కుడతాడు నాయనా, కొలతిస్తారా?" అన్నాను. అమ్మడు నా చెయ్యి గిల్లింది.

అన్నయ్య మాత్రం మా గొడవ పట్టించుకోలేదు. "ఇదే తీసుకో అమ్మడూ. తేలిగ్గా ఉంది, భుజం లాగదు."

"ఇది నా పనికి రాదేమో నాన్నా. ఇంకొంచెం కనుక్కుని కొందాం. ఇప్పుడేం తొందర?"

"ఏదో ఒకటి కొనెయ్యమ్మా, ఎన్నాళ్ళని చూస్తావు?"

అది చిన్నబుచ్చుకుంది. "ఏదో ఒకటి ఏంటి నాన్నా? చదువైపోయేదాకా దీంతోనే గడవాలి. ఏదో ఒకటి కొనుక్కోవడానికి ఇవేమన్నా హవాయి చెప్పులా?"

ఆయన టేపు తీసి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. తొందరెందుకో చెప్పేద్దామని నా నాలుక చివరిదాకా వచ్చింది. అన్నయ్య నా వంక చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. ఏమీ కొనకుండానే తిరిగొచ్చాం.

ఆ తర్వాత వణుకు ముదిరింది. మాత్ర వేసుకున్నాక పొద్దున పూట కాసేపు నెమ్మదిగా ఉండేది, అంతే. ఒకరోజు నేను ఇంటి పని ముగించుకుని కొట్టుకు వెళ్ళేసరికి, బల్ల మీద నీలం కాన్వాసు ముక్కలు ముక్కలుగా కోసి ఉంది.

"వస్తువేది అన్నయ్యా?"

"కొలిచానుగా షాపులో."

"అది మనం కొన్నదా? నువ్వేనా వయొలిన్ ఆయన్ను వెనక్కి పంపింది?"

ఆయన తలెత్తలేదు. "అదే కొంటుందిలే. ఇంకా ఆగితే నావల్ల కాదే" అన్నాడు. సూది తీసుకుని దారం ఎక్కించిచ్చాను.

రోజూ పొద్దున కాస్త కాస్త కుట్టేవాడు. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో అదిమిపట్టి, మిషన్ను కాలితో తొక్కకుండా, చక్రం నాచేత చేత్తో తిప్పించి ఒక్కో కుట్టూ వేయించేవాడు. గుడ్డను నడిపేది మాత్రం తనే. మధ్యలో చెయ్యి ఎగిరితే ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టేవాడు. చార్జరుకు జేబు పెట్టాడు, పట్టీ కింద భుజం ఒరుసుకోకుండా మెత్త వేశాడు. అంతా అయ్యాక నా చేతికిచ్చాడు. ఎక్కడైనా వంకర దొరికితే "విప్పు" అని పగ తీర్చుకుందామని అంగుళం అంగుళం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. సులువుగా జారేలా జిప్పుకు కొవ్వొత్తి రాసి, అరలో దాచాం.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అమ్మడు రొప్పుతూ కొట్టులోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"తెచ్చేశాను నాన్నా! మా లెక్చరర్ దాంట్లో నా వంతెన బొమ్మ వేయించి చూపించారు. ఎంత తిప్పినా ఆగలేదు. మిగిలిన డబ్బుతో బ్యాటరీ కూడా కొత్తది వేయించాను!"

బల్ల మీద పెట్టింది. లావుగా, నల్లగా ఉన్నదే.

అన్నయ్య అరలోంచి నీలం సంచి తీసి దాని చేతిలో పెట్టాడు. "నాకా? కొత్త గుడ్డే!" అని అది సంచిని మొహానికి ఆనించుకుంది. తర్వాత ల్యాప్‌టాప్ అందులోకి దించింది. సగం దాకా దిగి ఆగిపోయింది. అటు తిప్పి, ఇటు తిప్పి, నెట్టి చూసింది. జిప్పు రెండు వైపులూ నోరు తెరుచుకునే ఉన్నాయి.

"ఇటివ్వు, పక్క కుట్లు విప్పి వెడల్పు పట్టీ వేస్తే సరిపోతుంది" అంటూ అన్నయ్య బ్లేడు తీసుకున్నాడు. నేను ఆపేలోపే చెయ్యి ఎగిరింది. దారం తెగాల్సిన చోట కాన్వాసు బారుగా చీరుకుపోయింది. బ్లేడు కింద పడింది. ఆయన గబుక్కున చెయ్యి తొడ కిందకు తోసుకున్నాడు గానీ, భుజం దాకా వణుకుతూనే ఉంది.

"నాన్నా, ఏంటది? చేతికేమైంది?"

ఇక నావల్ల కాలేదు. ఏడుస్తూనే మొత్తం కక్కేశాను, డాక్టరు మాటా, కుట్టిన తీరూ, అంతా. అమ్మడు నేల మీద కూర్చుని, తొడ కింద నుంచి ఆ చేతిని బయటికి లాగి తన రెండు చేతుల్లో పెట్టుకుంది.

"అందుకేనా కొనెయ్ కొనెయ్ అన్నావు? నాకెందుకు చెప్పలేదు? దీన్ని తిరిగిచ్చేస్తాను నాన్నా. ఆ పలచటిదే తెచ్చుకుంటాను. నాకీ సంచే కావాలి."

"సంచి కోసం ఎవరైనా వస్తువు మార్చుకుంటారా?" అన్నయ్య గొంతు పెంచగా నేను వినడం అదే మొదలు. "నువ్వు మంచిదే తెచ్చుకున్నావు. పొరపాటు నాది. వస్తువు లేకుండా గుడ్డ కోశాను." నా వైపు తిరిగాడు. "ఏమే, నువ్వు కుట్టు."

"నేనా?"

"మరింకెవరున్నారు?"

నీలం గుడ్డ మిగల్లేదు. పక్క కుట్లు విప్పి, నల్లగుడ్డలోంచి వెడల్పు పట్టీ కోసి, చిరిగిన చోటు దాని కిందకు పోయేలా పెట్టి, మిషన్ ఎక్కించాను. కళ్ళ నిండా నీళ్ళు, సూది ఎటు పోతోందో తెలియలేదు. తీసి చూస్తే కుట్టు పాములా ఉంది. అయినా ల్యాప్‌టాప్ దిగింది, జిప్పు పడింది.

సంచి అన్నయ్యకిచ్చాను. వణుకుతున్న వేలితో కుట్టు వెంట తడిమాడు, ఈ చివర నుంచి ఆ చివరకు. వంకర తగిలిన చోటల్లా వేలు ఆగింది. విప్పమంటాడని బ్లేడు పట్టుకునే కూర్చున్నాను. ఆ మాట అంటే చాలు, అంతా మునుపటిలాగే ఉందని అనుకుందును.

"బాగుందే, చాలు" అన్నాడు. మెడలోంచి టేపు తీసి నా ఒళ్ళో పెట్టాడు.