మూఢంలో కొన్న కారు, చట్టంలో బాబాయిది

చుట్టాల దగ్గర పాత కారు కొని, ఒక దైవభక్తుణ్ణి చర్చి పెద్దల ముందు దోషిలా నిలబెట్టిన ఘనత నాది. మీలో ఎవరైనా అలాంటి కారు కొనే ఆలోచనలో ఉంటే కాస్త కూర్చుని ఇది విని వెళ్లండి. నిలబడి విన్నా ఫర్వాలేదు. ఆ రోజుల్లో నేనూ కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది కాకినాడ నుంచి డర్బన్ వచ్చాను. ఒక కంపెనీలో పన్నుల లెక్కలు చూసే ఉద్యోగం, గ్రీన్‌వుడ్ పార్క్‌లో అద్దె గది. ఆఫీసుకి మినీబస్సు టాక్సీలో వెళ్లేవాణ్ణి. ఆ టాక్సీ నిండితే గాని కదలదు. నాకేమో ఓపిక పుట్టుకతోనే లేదు. అది నిండేలోగా ఎక్కుతూ, దిగుతూ, రోడ్డు అటూ ఇటూ చూస్తూ ఉండేవాణ్ణి. ఒకరోజు డ్రైవరు నన్ను కొత్తగా ఎక్కినవాడేమో అనుకుని మళ్లీ చార్జీ అడిగాడు. ఆ సాయంత్రమే కారు కొనాలని తీర్మానించాను.

మా ముత్తాత తమ్ముడు ఇక్కడి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిపోయాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన మనవడు డేనియల్ నాయుడు డర్బన్ శివారు చాట్స్‌వర్త్‌లో దొరికాడు. వరసకి నాకు బాబాయి. తాతల నాడు గుళ్లకి మొక్కిన ఆ ఇల్లు ఆయన హయాంలో పెంతెకొస్తు చర్చిలో చేరింది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకునేవారు. తెలుగు మాత్రం వరసల్లో, తిట్లలో, కూరల్లో, నాలాంటి చుట్టం వస్తే మాట్లాడే నాలుగు ముక్కల్లో మిగిలింది. నన్ను మొదటిసారి చూసినప్పుడు బాబాయి నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నాడో తెలియకపోయినా నేనూ ఏడ్చాను.

కారు సంగతి చెప్పగానే ఆయన తాళాలు తీసి నా ఒళ్లో పడేశాడు. "అబ్బాయ్, పనికాడ నాకు వ్యాన్ ఇచ్చినారు. ఈ కారు నువ్వు తీస్కో మ్యాన్. ఊరికే తీస్కో."

"ఊరికే వద్దు బాబాయ్. ఊరికే ఇస్తే ప్రభుత్వం దాన్ని దానమంటుంది, దానానికి వేరే పన్నుంది. మరీ తక్కువకిచ్చినా, తగ్గించినంతా దానమేనంటుంది."

"సొంత రక్తానికి కారిస్తే గవర్నమెంటుకి ఏంటి నొప్పి?"

"అందుకే సరైన ధరకే కొంటాను. మీరు వ్యాపారి కాదు గనక అమ్మకం పన్ను ఉండదు. నేను బండిని పరీక్షకి తీసుకెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. గడువులోగా నా పేరున రాయించుకోవాలి. అంతవరకూ ఈ బండి ఏ తప్పు చేసినా చట్టం మిమ్మల్నే పట్టుకుంటుంది."

రూత్ పిన్ని మురిసిపోయింది. "ఎంత సదువు మా పిల్లోడికి!"

ఈ ఉపన్యాసం ఇచ్చింది నేనేనని దయచేసి గుర్తుంచుకోండి.

మర్నాడు ఉత్సాహం పట్టలేక కాకినాడకి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను.

"మూఢంరా! శుక్ర మూఢం నడుస్తోంది!" అమ్మ కేకకి రిసీవరు చెవికి దూరం పెట్టాల్సి వచ్చింది. "డబ్బిచ్చేశావా?"

"ఇచ్చేశా."

"తాళాలు?"

"నా దగ్గరే."

"పేరు మార్చుకున్నావా?"

"ఇంకా లేదు."

"హమ్మయ్య, బతికించావు! మూఢం పోయేదాకా నీ పేరున పెట్టుకోకు. పూజ మాత్రం వెంటనే చేయించు. దేవుడికి మూఢం లేదు."

పన్నుల చట్టాన్ని కాచి వడపోసిన నా బుర్ర ఇక్కడ గురక పెట్టి నిద్రపోయింది. కాగితం మీద బాబాయి పేరున్నంతకాలం శుక్రుడు కూడా అది బాబాయి కారే అనుకుంటాడని నా ధీమా. ఏమంటారు, గ్రహాన్ని బుట్టలో వేసిన మొనగాణ్ణి కానూ! కొన్నాళ్లు ఆగుతానని చెబితే బాబాయి నవ్వేశాడు. "నీ ఇష్టం. మనలో మనకి పేపర్ ఏంటి మ్యాన్?"

ఆగడం చేతకాని వాణ్ణి కదా, ఆ ఆగడమంతా కాగితానికే వదిలేశాను. శనివారం పొద్దున్నే కారు వేసుకుని వెరులంలో గుడికి వెళ్లాను. పూజకి కారు తూర్పుముఖంగా ఉండాలి. తూర్పుముఖంగా పెడితే అది గేటుకీ రోడ్డుకీ అడ్డం పడింది. పూజారి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద కుంకుమ దిద్ది, వెనక అద్దం దగ్గర ఆగిపోయాడు. అక్కడ పెద్ద అక్షరాలతో 'యేసు నా కాపరి' అన్న స్టిక్కరుంది.

"ఎవరి బండి ఇది?"

"నాదేనండీ. అది గోకినా ఊడి రావడం లేదు."

ఆయన ఒక నిట్టూర్పు విడిచి హారతి వెలిగించాడు. నేను లోపల ప్రదక్షిణలు మొదలుపెట్టాను. బయట ఎవరో యూనిఫాం మనిషి "కారు తియ్యండి" అని అరుస్తుంటే, ఇంకా కొన్ని ప్రదక్షిణలున్నాయని చెయ్యి ఊపాను. అతను జరిమానా చీటీ రాసి వైపరు కింద పెట్టాడట. పూజారిగారు అందులోనే విభూతి పొట్లం కట్టి నాకిచ్చారు. నేను భక్తిగా కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాను.

ఆ తర్వాత వారాలు గడిచాయి. మూఢం మాత్రం పోలేదు. నేను అన్నిచోట్లా తిరిగాను. చాట్స్‌వర్త్‌లో కొత్తగా పెడుతున్న సంఘానికి బాబాయిని పాస్టరుగా నిలబెట్టాలా వద్దా అని తేల్చడానికి చర్చి పెద్దలు వాళ్లింటికి వచ్చిన సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. బాబాయి జీవితమంతా ఎదురుచూసిన రోజది. రిటైరైన హెడ్మాస్టరు ఎల్డర్ శామ్యూల్ వాళ్లందరిలోకీ పెద్ద, గట్టి మనిషి. ప్రార్థన జరుగుతుంటే నా మోకాలు ఆగకుండా ఊగుతోంది. పిన్ని దానిమీద చెయ్యి వేసి ఆపింది. వెంటనే రెండో మోకాలు అందుకుంది.

ఆమెన్ అనగానే తలుపు చప్పుడైంది. గుమ్మంలో ట్రాఫిక్ పోలీసు.

"డేనియల్ నాయుడు ఎవరు?"

"నేనే."

"బయటున్న కారు మీ పేరు మీదుంది. వెరులంలో గుడి గేటుకి అడ్డంగా ఆపారు. పూజారి బండికి హారతి ఇస్తున్నాడు, డ్రైవరు లోపల గుండ్రంగా తిరుగుతున్నాడు. పిలిస్తే ఇంకా ఉన్నాయన్నాడు. జరిమానా కట్టలేదు గనక మీరు కోర్టుకి రావాలి."

పెద్దలందరూ ఒక్కసారిగా కిటికీ దగ్గరికి నడిచారు. నేను కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ బంపరుకి ఊగుతున్నాయి. వెనక అద్దం మీద కాపరి స్టిక్కరు మెరుస్తోంది.

"బ్రదర్ డేనియల్," అన్నాడు శామ్యూల్ మెల్లగా, "ఈ కారు నీదేనా?"

బాబాయి నా వైపు చూడలేదు. అబద్ధమాడడు, నన్ను పట్టివ్వడు. ఇంక కూర్చోవడం నా వల్ల కాలేదు.

"నాదండీ! నేనే కొన్నాను."

"నీదైతే నీ పేరు మీద ఎందుకు లేదు?"

"మూఢమండీ."

"ఏంటది?"

నాకు ఇంగ్లీషులో మాట దొరకలేదు. ఏమాత్రం సిగ్గు లేకుండా బాబాయికేసి చూశాను. పాపం, పాస్టరు కాబోయే మనిషి చెమటలు తుడుచుకుంటూ పెద్దలకి విడమరచి చెప్పాడు. "శుక్ర గ్రహం సూర్యుడి పక్కకి పోయింది బ్రదర్. అది వెనక్కి వచ్చేదాకా లైసెన్సింగ్ ఆఫీసు ఆగాలంట."

శామ్యూల్ బాబాయి వైపు తిరిగాడు.

"అంతకాలం నీ పేరు మీద తిప్పుతా ఉంటే, పేపర్ మార్చుకోమని నువ్వు అడగలేదా?"

"ఎట్ట అడిగేది బ్రదర్? ఇన్ని తరాలకి మా ఊరి నుంచి ఒక్కడు వచ్చినాడు. పేపర్ అడిగితే, పో అన్నట్టు ఉండదా?"

నా మోకాలు ఆగిపోయింది. అంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు. చట్టమంతా నాకు తెలుసు. ఆయనకి తెలిసింది నేను తనవాణ్ణని మాత్రమే. ఆ నమ్మకానికి నేను కట్టబెట్టింది కోర్టు మెట్లు!

ఆదివారం తమ నిర్ణయం చెబుతామని పెద్దలు వెళ్లిపోయారు. మర్నాడు అమావాస్య, పైగా రాహుకాలం. అయినా కారు పరీక్షకి తీసుకెళ్లాను. నిమ్మకాయలు విప్పితేనే ముట్టుకుంటానన్నాడు అక్కడి మనిషి. విప్పాను. కారు పాసైంది. ఆలస్యానికో జరిమానా, గుడి గేటుకో జరిమానా కట్టి, బాబాయితో కలిసి లైసెన్సింగ్ ఆఫీసు వరసలో నిలబడ్డాను.

"ముందు మనకి వేరే కిటికీ ఉండేది," అన్నాడు బాబాయి, ముందూ వెనకా నిలబడ్డ రకరకాల జనాన్ని చూస్తూ. "ఇప్పుడు అందరికీ ఒక్కటే లైను. ఎంత పొడుగైనా నాకు బాగుంది." ఆ రోజు నేనూ అంగుళం కదలకుండా నిలబడ్డాను.

ఆదివారం చర్చిలో చివరి బెంచీ మీద కూర్చున్నాను. శామ్యూల్ లేచి నిలబడ్డాడు. "చుట్టం తప్పుకి తను నింద మోసి, నోరు విప్పని మనిషి సంఘాన్ని కూడా మోస్తాడు," అన్నాడు. బాబాయి పాస్టరయ్యాడు. పిన్ని వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి ఎందుకేడుస్తున్నానో తెలిసే నేనూ ఏడ్చాను.

బయటికొస్తుంటే శామ్యూల్ నా మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగాడు. కోర్టుకి వెళ్లకుండా తప్పించుకున్నవాణ్ణి ఇక్కడ దొరికిపోయాననుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అబ్బాయ్, ఆ శుక్రుడు ఎప్పుడు బయటికి వస్తాడు? మా అమ్మాయి పెళ్లికి డేట్ చూస్తా ఉండాము. నేను నమ్మను, మా ఆవిడ అడగమంది."

తేదీ చెప్పాను.

ఇంటికెళ్లి, తలుపేసుకుని, గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ చుట్టం దగ్గర ఏ బండి కొన్నా, ఆ రోజే నా పేరున రాయించుకుంటాను. మూఢమైనా సరే, గ్రహణమైనా సరే, అమ్మ ఎంత అరిచినా సరే. ముహూర్తాల జోలికి ఈ జన్మలో పోను. ఈ ప్రతిజ్ఞ కూడా మంచి సమయం చూసి చేయలేదు. పంచాంగం తిరగేసి, వర్జ్యం ఎప్పుడో చూసుకుని, సరిగ్గా అందులోనే చేశాను.