ఆపా మళ్లీ విప్పించిన ఛాంబర్

అసిటోన్ సీసా మూత తీయగానే ముక్కుకు చల్లగా తగిలే వాసనతోపాటు నాకు మహమూదా ఆపా చేతులు గుర్తుకొస్తాయి. గోళ్ల చుట్టూ చర్మం తెల్లగా పగిలిన చేతులు. ఈ ఉదయం కూడా, సంగారెడ్డి దారిలో ఉన్న మా ప్రయోగశాలలో ఉక్కు మూతలు తుడుస్తూ ఆమెనే తలుచుకున్నాను. మాది మంచును చావగొట్టే ప్రయోగశాల అని ఇంట్లో వాళ్లు నవ్వుతారు. చిన్న మంచు పొర తయారు చేసి దాని మీదికి ఎలక్ట్రాన్లను వదులుతాం. గురుగ్రహం చుట్టూ తిరిగే మంచు చందమామల నేల ఎలా అరిగి, ఎలా రంగు మారుతుందో తెలుసుకోవడానికి ఈ పని. నేనిక్కడికి రావడానికి కారణం ఏడో తరగతి వరకే చదివిన ఆపా.

డిప్లొమా అయ్యాక బీరంగూడ నుంచి రోజూ షేర్ ఆటోలో పటాన్‌చెరులోని ఒక చిన్న వర్క్‌షాప్‌కు వెళ్లేదాన్ని. మందుల కంపెనీలకు స్టీలు పాత్రలు చేసే షెడ్డు అది. అందరూ అక్క అనే అర్థంతో ఆపా అని పిలిచే ఆమె అక్కడ పాత్రల లోపలి భాగం పాలిష్ పట్టే పనిలో చేరి, ఇరవై ఏళ్లలో తనిఖీ చేసే మనిషి అయింది. టార్చి పట్టుకుని పాత్రలోకి తల దూర్చి, ప్రతి అతుకూ చూసి, కాగితం మీద ఉర్దూలో సంతకం పెడితేనే బండి గేటు దాటేది. మొదటి రోజు నాకొక అతుకు చూపించి ఎట్లుందని అడిగింది. బాగుందన్నాను. తెల్ల గుడ్డ చేతికిచ్చి దాని మీద రుద్దమంది. సగం దూరంలో గుడ్డ పోగు గరుకుకు చిక్కుకుంది. “కండ్లతోని సూసి అయిపోయిందనకు బిడ్డా. తుడిచి సూడు,” అంది. నెల తిరిగేసరికి ఆమె చూపే తప్పులు నాకూ కనబడసాగాయి.

వసంత మేడం మా షెడ్డుకు వచ్చింది ఆ మరుసటి ఏడాది. ఆమె పరిశోధకురాలు. పాలక్యాను అంత ఛాంబర్ కావాలని, అందులో గాలి దాదాపు లేకుండా తీసేసినా ఎక్కడా లీకు ఉండకూడదని అడిగింది. ఎందుకని ఆపానే అడిగింది. మేడం చాయ్ తాగుతూ ఓపికగా చెప్పింది. గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక మంచు చందమామ మీద మనకున్నట్టు గాలి పొర లేదు. గురుగ్రహం విద్యుదావేశమున్న కణాలను తన చుట్టూ పట్టి ఉంచి, తనతోపాటు తిప్పుకుంటుంది. అవి చందమామ కన్నా వేగంగా తిరుగుతూ దాని వెనక నుంచి వచ్చి గుద్దుతాయి. అందుకే ఆ వెనక వైపు ఎక్కువ ముదురు రంగులో ఉంటుంది. ఆ రంగు మంచులోని ఉప్పుదేమోనని ఆమె అనుమానం. ఆపా తల ఎత్తి పైకప్పు చూసింది. “మన షెడ్డు రేకుల లెక్కనే మేడం. వాన కొట్టే దిక్కే ముందుగాల ఖరాబైతది,” అంది. మేడం నవ్వలేదు, అవునంది. ఆ మాట తర్వాత ఆపా ఆ పనిని తన సొంత పనిలా పట్టుకుంది.

తప్పు నా చేతిలో జరిగింది. చివరి రోజు, బయట బండి హారన్ కొడుతుంటే, మూత అంచుకు తగిలి నా గ్లౌజు చినిగింది. మంచు పట్టాల్సిన రాగి పలక మీద నా బొటనవేలు ఆనింది. పొడి గుడ్డతో ఒకసారి తుడిచి మూత బిగించేశాను. లోపల అంతా సాఫేనా అని ఆపా అడిగింది. సాఫే అన్నాను. తాను స్వయంగా చూడకుండా ఆమె సంతకం పెట్టడం నేనెరిగినంతలో అదొక్కసారే. నా మాట మీద పెట్టింది.

నెల తర్వాత మేడం మా ఇద్దరినీ రమ్మంది. ఉప్పు కలిపిన మంచు అనుకున్నట్టే గోధుమ రంగుకు తిరిగిందట. సరిచూసుకోవడానికి ఉప్పు లేని ఉత్త నీళ్ల మంచు పెడితే, తెల్లగా ఉండాల్సిన అదీ గోధుమ రంగైంది. మూడుసార్లు నీళ్లు మార్చింది, ఎలక్ట్రాన్లు వదిలే పరికరం విప్పి చూసింది. వాటిలో కారణం దొరకలేదు. చర్మం మీది జిడ్డు రవ్వంత ఉన్నా ఎలక్ట్రాన్ల దెబ్బకు మాడి మరక కడుతుందని ఆమె చెబుతుంటే నా బొటనవేలిని పిడికిలిలో దాచుకున్నాను.

ఆపా ఛాంబర్ కిటికీలోంచి పలక మీది మరక చూసి, నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుంది. “మీ మిషన్‌ల తప్పు లేదు మేడం. మా దిక్కు నుంచే వచ్చింది. సంతకం నాది,” అంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా తల దించుకుని ఊరుకునేదాన్ని.

“ఆపాది కాదు మేడం,” అన్నాను. “గ్లౌజు చినిగింది. నా బొటనవేలు తగిలింది. చెప్పకుండ మూత పెట్టిన.”

మేడం నోటు పుస్తకంలో రాసుకుంది. పని పోయిందనే అనుకున్నాను. తిరుగు బస్సులో, తానుండే ముత్తంగి దగ్గర పడ్డాక, ఆపా నా వైపు తిరిగింది. మెల్లగా అంది: “నీ మీద కోపం లేదంటే అబద్ధం. సూడకుండ సంతకం పెట్టిన గదా, నా మీద ఇంకా ఎక్కువుంది. రేపు జల్దీ రా. మొత్తం విప్పుదాం.”

ఐదు రోజులు పట్టింది. ఛాంబర్‌ను షెడ్డుకు తెచ్చి ప్రతి బోల్టూ విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించాం. నేను తుడిచిన ప్రతి ముక్కనూ ఆపా తుడిచింది, ఆపా తుడిచినదాన్ని నాతో తుడిపించింది. షెడ్డు యజమాని సేటు ఆలస్యమవుతోందని విసుక్కుంటే, అయినంతసేపు అయితదని చెప్పి తన పనిలో పడింది. మేడం ఈసారి పెట్టిన ఉత్త మంచు మొదటి రోజూ తెల్లగానే ఉంది, మూడో రోజూ తెల్లగానే ఉంది. ఉప్పు మంచు మాత్రం పసుపు నీళ్ల రంగుకు తిరిగి, మెల్లగా ముదిరింది. మేడం ఆపాను పిలిపించి కిటికీ దగ్గర నిలబెట్టింది.

“అక్కడ గూడ గిదే రంగా?” ఆపా అడిగింది.

“దూరం నుంచి చూస్తే దాదాపు ఇలాగే ఉంటుంది. అది ఉప్పు కావచ్చని ఇప్పుడు ధైర్యంగా రాయగలను,” అంది మేడం.

ఆపా కొంగుతో కిటికీ అద్దం తుడిచి మళ్లీ చూసింది. ఆ రోజు షెడ్డులో అందరికీ తనే చాయ్ తెప్పించింది. వ్యాసం అచ్చయ్యాక చివర్లో కృతజ్ఞతల దగ్గర మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. చదివి వినిపిస్తే, తన పేరులో అక్షరాలన్నీ సరిగ్గా పడ్డాయా లేదా అని ఒక్కొక్కటీ నాతో చెప్పించుకుని, తర్వాతే నవ్వింది.

ప్రయోగశాలకు సహాయకురాలు కావాలని మేడం అడిగినప్పుడు నా పేరు చెప్పింది ఆపానే. తప్పు చేసి దాచిన మనిషినని నేను జంకితే, చెప్పిన మనిషివి కూడా నువ్వేనంది. ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్లు. విదేశాల నుంచి వచ్చినవాళ్లు మా ఛాంబర్ చూసి ఇంత శుభ్రంగా ఎలా ఉంచుతున్నారని అడిగితే, పటాన్‌చెరులో నేర్చుకున్నానని తల ఎత్తి చెబుతాను.

పోయిన నెల నేను ఒక వాల్వు సరిగ్గా మూయలేదు. నాలుగు రోజులుగా కణాల దెబ్బలు తింటున్న మంచు పొర పాడైపోయింది. మేడం గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చునేలోపే వెళ్లి చెప్పేశాను. ఆమె తల పట్టుకుంది, తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టమంది. బయటికి వచ్చి కొత్త గ్లౌజులు తొడుక్కున్నాను. వెంటనే వెళ్లి చెప్పే ఈ ధైర్యం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ముత్తంగిలో ఉండే ఒక మనిషి, సంతకం నాదని తప్పు తన మీద వేసుకున్న ఆ రోజు, నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నాకిచ్చింది.