బొంబాయి బేరం, శంషాబాద్ వేలం

బొంబాయిలో ఒక మిల్లు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాక, తొంభైల మొదట్లో నేనూ నా భార్యా శంషాబాద్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఇద్దరిదీ పాలమూరు వైపే అయినా ఎన్నో ఏళ్ళు బొంబాయిలో బతికినవాళ్ళం గనుక, అక్కడి గదిని వెంటనే వదులుకోలేదు. ఏడాది ఆఖరుదాకా ఆగుతానని యజమాని మాట ఇచ్చాడు. ఆలోగా ఇక్కడ ఉండిపోవడమా, తిరిగి వెళ్ళడమా అన్నది తేల్చుకోవాలి. ఆ తేల్చేది నా భార్యే అని ముందే అనుకున్నాం. నా ఉద్యోగం కోసం ఆమె ఒకసారి ఊరు విడిచింది. ఈసారి మాట ఆమెది.

డైరీ రాయడం నాకు చిన్ననాటి అలవాటు. ఆ ఏడాది ఎడమ పేజీ బొంబాయికి, కుడి పేజీ శంషాబాద్‌కు కేటాయించాను. కిరాయి, పాలు, కూరగాయలు ఇక్కడే చౌక. అక్కడి ఒక్క గది కిరాయికి ఇక్కడ రెండు గదులు, వంటిల్లు, వాకిలి, చేదబావి. కాని పంటి డాక్టరు దగ్గరికి పోవాలన్నా, మంచి చెప్పులు కొనాలన్నా అఫ్జల్‌గంజ్ బస్సెక్కాలి. ఆ ఛార్జీలూ రాశాను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, అదీ రాశాను. సాయంత్రం హిమాయత్ సాగర్ వైపు నుంచి వచ్చే గాలికి మాత్రం ధర కట్టలేక, ‘గాలి బాగుంది’ అని రాసి ఊరుకున్నాను.

లెక్క ఇటే మొగ్గింది. నా భార్య మనసు మొగ్గలేదు. బొంబాయిలో పొడుగాటి వరండా వెంట వరసగా తలుపులు. ఆమె బియ్యం ఏరినా, తల దువ్వుకున్నా పక్కన నలుగురు ఉండేవాళ్ళు. ఇక్కడ ప్రహరీ లోపల పొద్దంతా ఒక్కతే. గలగలమనే మనిషి రానురాను మాట తగ్గించింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, “ఇల్లు మంచిగనే ఉన్నది. పలకరించెటోళ్ళే లేరు,” అంది. ఇక తిరుగు ప్రయాణమే అనుకున్నాను.

చలి మొదలయ్యాక మా చర్చిలో కోత పండుగ వచ్చింది. మా బొంబాయి చర్చి సంఘంలో అందరూ మిల్లు పనివాళ్ళే. పొలాలు లేవు గనుక కవరులో డబ్బు పెట్టి ఇచ్చేవాళ్ళం. ఇక్కడ వడ్లు, జొన్నకంకులు, కూరగాయలు, కోళ్ళు తెచ్చి ముందు పెట్టారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బు సంఘానికి జమ చేస్తారు. మేము అలాంటిది చూడటం అదే మొదలు.

పాస్టరయ్యగారు ఒక లేత సొరకాయ ఎత్తి చూపించి, “పది రూపాయలు!” అన్నారు.

బొంబాయి కూరగాయల బజారులో గీచి గీచి బేరమాడిన నా భార్య, ఆడవాళ్ళ వైపు నుంచి ఠక్కున అంది: “గీ కాయకు పదా? ఐదిస్త!”

చర్చి అంతా ఘొల్లుమంది. పక్కింటామె లేచి నిలబడింది. ఇప్పుడు విమానాలు దిగుతున్న తొండుపల్లి దిక్కున అప్పట్లో ఆమెకు చేను ఉండేది. అంతవరకు ఎదురుపడితే తలూపడమే తప్ప మా గడప తొక్కలేదు.

“ఓ బొంబాయి వదినె! వేలంల పైకి పోవాలె గని కిందికి దిగుతవా? గా కాయ నా చేన్లది. ఐదుకు పోనిస్తనా? పదిహేను!”

నా భార్య ముఖం ఎర్రబడింది. లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. ఇలా నవ్వులపాలైతే ఇక ఈ ఊళ్ళో నిలవదు. ఆమె కొంగు బిగించింది.

“గట్లనా? ముందుగాల చెప్పొద్దా మరి! ఇరువై!”

“ఇరువై అయిదు!”

“ముప్పై!”

“జర చూస్కో వదినె, పైసలు అన్న జేబుల ఉన్నయేమో!”

“ఉంటె ఉండనియ్. ఆయన్ను గూడ వేలంల పెడత. నలుబై!”

“అన్నను ఎవలు కొంటరు? కాయ నువ్వే తీస్కో!”

అయ్యగారు నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. బజారులో రెండు రూపాయలకు దొరికే కాయకు నేను నలభై చెల్లించాను. ఆ ఏడాది అంత సంతోషంగా నేను దేనికీ డబ్బు తీయలేదు.

పక్కింటామె మా వెంటే ఇంటికి వచ్చింది. “కాయ నాది, పైసలు నీయి. ఇద్దరం తినాలె,” అంటూ కత్తిపీట ముందు కూర్చుంది. శనగపప్పు వేసి వండుకుని, దీపాలు పెట్టే వేళదాకా ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. మర్నాటి నుంచి దారిన పోయే ఆడవాళ్ళు “వేలం వదినె ఉన్నదా?” అని గేటు తడుతూ వచ్చారు.

ఆ వారంలోనే నా భార్య అంది: “గా బొంబాయి గదాయనకు ఇగ జాబు రాయుండ్రి.”

“వస్తున్నామనా?”

“వస్తలేమని. ఎవలికన్న ఇచ్చుకొమ్మనుండ్రి.”

ఆమెను అందరి ముందు ఆటపట్టించి తమలో కలుపుకున్న ఆ పక్కింటామెకు నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి. జాబు రాసి, పంపేముందు చూపిద్దామని పిలిస్తే నా భార్య ఇంట్లో లేదు. గోడ అవతల చిక్కుడుకాయలు కోస్తూ ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది. నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.