ఇటలీవాడి గీత

తలుపుల మీదుగా అడ్డంగా ఓ గీత ఉన్న పాత వ్యాను రోడ్డు మీద కనపడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ముందు చక్రం దగ్గర మొదలై తిన్నగా వచ్చి, వెనక చక్రం దాకా వచ్చేసరికి రెండు వేళ్ళంత పైకి లేచి, అక్కడే సన్నబడి రేకులో కలిసిపోయే గీత. తణుకు నుంచి రామచంద్రపురం దాకా టింకరింగ్ షెడ్లలో ఒకప్పుడు దాన్ని ఇటలీ గీత అనేవారు. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. ఆ గీత కోసం ఒక పెద్దమనిషిని నడిరోడ్డు మీద దొంగ అన్నవాణ్ణీ నేనే.

అవి తొంభైల నడిమి సంవత్సరాలు. తణుకులో నాకో షెడ్డు ఉండేది. సినిమా బోర్డులు రాసేచోట నేర్చుకున్న చెయ్యి నాది. బండికి ఏ రూపం ఇవ్వాలో గోడ మీద గీసేవాణ్ణి, చివర్న రంగు కొట్టేవాణ్ణి. మధ్యలో ఉన్న అసలు పని, అంటే రేకు పని, మేస్త్రి గారిది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. రాజమండ్రిలో సగం జీవితం ట్రంకు పెట్టెలు చేసి, పెట్టెలు కొనేవాళ్ళు తగ్గిపోయాక మా షెడ్డుకి వచ్చారు. ఆయన దగ్గర ఓ చెక్క సుత్తి ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

నాకు స్పోర్ట్స్ కార్ల పిచ్చి. అలాంటి కారును కంటితో చూసింది లేదు. రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర అట్టలు పోయిన విదేశీ పత్రికలు ఏరుకొచ్చి, ఆ బొమ్మల మీద ట్రేసింగ్ పేపరు పెట్టి గీతలు తీసేవాణ్ణి. అలా తీస్తూ ఉంటే మొదట అనుమానం వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. ఇంగ్లండు కారు ముక్కు గీసిన కాగితాన్ని జపాను కారు ముక్కు మీద పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. జర్మనీ కారు వెనక వాలూ అమెరికా కారు వెనక వాలూ ఒక్కటే. ఎవడిది చూసినా పొడుగు బానెట్, పొట్టి వెనకభాగం, నడిపేవాడు వెనక చక్రాల మీద కూర్చున్నట్టుండే సీటు. దీపాలను బానెట్‌లో దాచి, కావలసినప్పుడు కప్ప కళ్ళలా పైకి లేపడం ఒకడు మొదలెట్టాడు, అంతే, మిగిలినవాళ్ళంతా ఎగబడ్డారు. ముందు సన్నం వెనక లావుగా, తలుపు సందులో పెట్టే చెక్కముక్కలా ఉండే కార్లయితే పదో పన్నెండో దొరికాయి. అన్నీ ఒక్క ఇటలీ కారు పిల్లలే.

"చూశారా మేస్త్రి గారూ, అంత చదువుకున్నవాళ్ళు, అంత పెద్ద కంపెనీలు. అందరూ దొంగలేనండి" అన్నాను కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపిస్తూ.

ఆయన తీరుబడిగా చూశారు. "ఎవరికైనా ముక్కు మొహం మధ్యలోనే ఉంటుంది కదండీ. అది దొంగతనమంటే ఎలాగండి?" అన్నారు.

పెట్టెలు చేసుకున్నాయనకి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనుకున్నాను. ఆ రోజుల్లో నాకు అందరి మీదా చిన్నచూపే.

అప్పుడు వచ్చాడు భీమవరం వైపు నుంచి ఓ రొయ్యల చెరువుల ఆసామి. ఆ ఏడాది చెరువులు బాగా పండాయి. ఆయన దగ్గరున్న పాత కారును స్పోర్ట్స్ కారు చెయ్యాలట. ఇంజను మార్చొద్దు, రూపం మారిస్తే చాలన్నాడు. చొక్కా జేబులోంచి పత్రికలో చింపిన ఓ పేజీ తీసి నా చేతిలో పెట్టాడు. ఇటలీ కారు, ఎర్రది, పక్క నుంచి తీసిన ఫోటో. ఆ కాగితం ఎన్ని నెలలు ఆయన జేబులో నానిందో గాని, నాలుగు మడతలు పడి, చెమటకి మెత్తబడిపోయి ఉంది. నిలువు మడత కారు పక్కన నిలబడ్డ అమ్మాయి మీదుగా పోయింది, దానితో నాకు గొడవ లేదు. అడ్డ మడత సరిగ్గా కారు తలుపు మీదుగా పోయింది. కారు వెనక అంతా తెల్లగోడ. తెల్లటి మీద మడత కనపడదు. ఎర్రటి కారు మీద మాత్రం రంగు రాలి సన్నటి గీతలా మెరిసింది.

ఆ పేజీ మీద గళ్ళు గీశాను. షెడ్డు గోడ మీద అంతకంత పెద్ద గళ్ళు గీసి, బోర్డులు రాసే పద్ధతిలో, బొగ్గుతో కారును నిలువెత్తున దించాను. గీతతో సహా.

మేస్త్రి గారు గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆ పేజీ అడిగి తీసుకుని, వెలుతురుకి పట్టి చూసి, బొటనవేలితో రుద్దారు. "ఇది గీత కాదేమోనండి. కాగితం మడతలా ఉంది" అన్నారు.

ఆసామి అక్కడే కుర్చీలో ఉన్నాడు. ఆయన ముందు నా తల తీసేసినట్టయింది. "మేస్త్రి గారూ, ట్రంకు పెట్టెలు చేసుకొచ్చిన చెయ్యి మీది. ఇటలీవాడు ఎందుకు ఏ గీత పెట్టాడో మీకేం తెలుస్తుందండీ? ఉన్నది ఉన్నట్టు కొట్టండి చాలు" అన్నాను.

"సరేనండి" అన్నారాయన. ఇంకోమాట అనలేదు. అనలేదనే నాకు ఇప్పటికీ కోపం. అంత పనిమంతుడు, అంత తెలిసినవాడు, ఇంకొక్కసారి గట్టిగా అని ఉంటే ఏం పోయేది? అన్నా నేను వినేవాణ్ణి కాదనుకోండి. అది వేరే సంగతి.

గీత కొట్టారు. కాని నేను గోడ మీద గీసినట్టు చివరిదాకా తిన్నగా కొట్టలేదు. వెనక చక్రం దగ్గర రెండు వేళ్ళు పైకి లేపి, సన్నగా వదిలేశారు. నేను చూసి కేకలేశాను. బొమ్మలో అలా లేదు, విప్పి మళ్ళీ కొట్టమన్నాను.

"అంచుదాకా తీసుకెళ్తే అక్కడ రేకు చిట్లుతుందండి" అన్నారు నిదానంగా. "ఇలా వదిలితే బిగువొస్తుంది. లేకపోతే మన కాలవగట్టు రోడ్ల మీద తలుపులు డబడబలాడిపోతాయి."

రంగుకి వేళ మించిపోతోంది కాబట్టి సణుక్కుంటూ వదిలేశాను. ఆ వదిలెయ్యడమే నేను ఆ కారుకి చేసిన ఒకే ఒక్క మంచి పని.

కారు బయటికొచ్చింది. అరవై దాటితే వణికేది, ఇంజను పాతదే కదా. కాని ఆగి ఉన్నప్పుడు దాన్ని చూసినవాళ్ళు కదిలేవాళ్ళు కాదు. ఆసామి దాన్ని పూజకి అన్నవరం తీసుకెళ్తూ మమ్మల్నీ ఎక్కించుకున్నాడు. కొండెక్కేసరికి రేడియేటరు పొగలు కక్కింది. నేను మూడు రోజులు పాలిష్ పట్టిన బానెట్ మీద పంతులు గారు పసుపూ కుంకుమా దట్టంగా మెత్తారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. జనం మూగారు. అందరి వేళ్ళూ ఆ గీత మీదే. చిన్నపిల్లలు కూడా దాన్ని తలుపు మీద తడుముతూ వెనక చక్రం దాకా వచ్చి, అది ఎక్కడ అయిపోయిందో వెతుక్కునేవాళ్ళు.

"ఈ గీత భలే పెట్టారండి" అన్నారెవరో.

"ఇటలీవాడి గీతండి అది. మనవల్ల అవుతుందా?" అన్నాను నేను గొప్పగా. పక్కనే ఉన్న మేస్త్రి గారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నారు.

తర్వాత ఏడాదంతా నా షెడ్డుకి వచ్చిన ప్రతివాడూ ఇటలీ గీత అడిగాడు. జీపుకీ అదే, వ్యానుకీ అదే. అక్కడితో ఆగితే బాగుండును. నా షెడ్డు గడప తొక్కని బళ్ళ మీద కూడా ఆ గీత కనపడడం మొదలెట్టింది. రాజమండ్రి వంతెన మీద ఒకటి, రావులపాలెంలో ఒకటి. చివరికి రామచంద్రపురంలో కొబ్బరికాయలు తోలే వ్యాను మీద చూశాను. అచ్చు అదే గీత. ఆ రెండు వేళ్ళ ఎత్తుతో సహా. నా రక్తం మరిగిపోయింది. బండివాణ్ణి ఆపి ఏ షెడ్డులో కొట్టించావని అడిగి, నేరుగా అక్కడికి వెళ్ళాను.

ఆ షెడ్డాయన నన్ను గుర్తుపట్టి స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు. "నా గీత ఎవరిని అడిగి కొట్టావయ్యా?" అన్నాను.

"మీరు ఇటలీవాణ్ణి అడిగే కొట్టారాండీ?" అన్నాడు అతను. నవ్వలేదు, వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. అందుకు ఇంకా కోపమొచ్చింది. అప్పుడతను, "వ్యాను రేకులు ఊగిపోతున్నాయని మీ మేస్త్రి గారిని అడిగానండి. ఓ ఆదివారం బస్సెక్కి వచ్చి, ఎక్కడ మొదలెట్టాలో ఎక్కడ వదలాలో కొట్టి చూపించి వెళ్ళారు. టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదండి" అన్నాడు.

తణుకు తిరిగొచ్చేదాకా బస్సులో నాలో నేనే పళ్ళు నూరుకున్నాను. ప్రపంచంలో కార్ల కంపెనీలన్నిటినీ దొంగలని తిట్టినవాణ్ణి, నా షెడ్డులోనే దొంగను పెట్టుకున్నానా అనుకున్నాను. బస్సు దిగి, షెడ్డు ముందు రోడ్డు మీదే నిలబడి అరిచాను. అన్నం పెట్టిన షెడ్డుకి కన్నం వేశారన్నాను. నా గీతని ఊరూరా పంచిన దొంగన్నాను. టీ కొట్టు దగ్గరి జనం లేచి నిలబడ్డారు.

మేస్త్రి గారు లోపలికెళ్ళి చెక్క సుత్తి తువ్వాల్లో చుట్టుకుని బయటికొచ్చారు. "ఆ గీత ఇటలీవాడిదన్నారు కదండీ. వాడొచ్చి అడిగినప్పుడు వాడికి చెప్పుకుంటాను" అన్నారు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత నా షెడ్డులో ఎవరు కొట్టిన గీతయినా వెనక చక్రం దగ్గర మొద్దుగా ఆగిపోయేది. రేకు చిట్లేది. నేను పుట్టీ పూసి కప్పేవాణ్ణి.

కొన్నేళ్ళకి ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. కొత్త శతాబ్దంలోకి వచ్చేశాం, షెడ్డు పని తగ్గింది, చేతిలో తీరిక ఉంది. ఓ మధ్యాహ్నం వెళ్ళి, సెంటరు కుర్రాడి చేత ఆ ఇటలీ కారు పేరు కొట్టించాను. బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా, చాప విప్పినట్టు వచ్చింది. పైకప్పు వచ్చింది, అద్దాలు వచ్చాయి, తలుపు వచ్చింది. తలుపు నున్నగా ఉంది. ఇంకో బొమ్మ తెరిపించాను, ఇంకోటి తెరిపించాను. ఎడమ వైపు చూశాను, కుడి వైపు చూశాను. గీత లేదు. ఆ కారుకి ఏనాడూ గీత లేదు.

అక్కడే ఇంకోటి కూడా చదివాను. నేను దొంగలని తిట్టిన కార్లలో సగం ఒకరిని చూసి ఒకరు కొట్టినవి కావు. ఒకే ఇంట్లో కూర్చుని బొమ్మలు గీసేవాళ్ళు ఇవాళ ఈ కంపెనీకి, రేపు ఆ కంపెనీకి గీసిచ్చారట. మిగిలిన సగాన్ని గాలే అలా అరగదీసిందట, వేగానికి గాలి అడ్డం రాని రూపం ఎవరు వెతికినా ఒక్కటేనట. పది కంపెనీల పేర్లు పైన ఉన్నా, కిందున్న చెయ్యి ఒకటే. ఆ మాట చదువుతుంటే నాకు ఇటలీ కనపడలేదు. రాజమండ్రి వంతెన మీది జీపు కనపడింది, రావులపాలెం కారు కనపడింది, కొబ్బరికాయల వ్యాను కనపడింది. ఆ చేతిని నేను వీధిలో నిలబెట్టి దొంగన్నాను. నా మీద నాకు వచ్చిన కోపానికి, ఆ కంప్యూటరు పగలగొట్టాలనిపించింది.

బొమ్మ అచ్చు తీయించుకుని మేస్త్రి గారింటికి వెళ్ళాను. ఊరి చివర రెండు గదుల ఇల్లు. వాళ్ళావిడ నన్ను చూసి, రమ్మని అనలేక, పొమ్మని అనలేక, పక్కకి తప్పుకుంది. "గట్టిగా మాట్లాడండి. ఆ సుత్తి చప్పుళ్ళకి చెవులు పోయాయి" అంది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. వెనక గదిలో మంచం కింద ఆయన చేసిన ట్రంకు పెట్టె కనపడుతోంది. దాని మూత పక్కన సన్నటి గీత, చివర్న రెండు వేళ్ళు పైకి లేచి రేకులో కలిసిపోయింది. దాని వయసు నా షెడ్డు కంటే ఎక్కువే ఉంటుంది.

కాగితం ఆయన చేతికిచ్చాను. ఆ రోజు చేసినట్టే వెలుతురుకి పట్టి, తలుపు మీద బొటనవేలితో రుద్ది చూశారు. "గీత లేదేంటండి?" అన్నారు. కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, "మరి వీళ్ళ రేకు డబడబలాడదా?" అని అడిగారు.

"మడతేనండి అది. మీరు చెప్పిందే నిజం. ఆ గీత మీది" అన్నాను.

చెవి మీద చెయ్యి పెట్టుకుని, "వినపడలేదండి" అన్నారు.

గొంతు పెంచి చెప్పాను. తల అడ్డంగా ఊపారు. ఇక చేసేది లేక, ఆ రోజు రోడ్డు మీద అరిచినంత గట్టిగా అరిచాను. ఆ గీత మేస్త్రి గారిదని, ఇటలీవాడిది కాదని, ఆయన్ని దొంగ అన్నది తప్పని. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. సైకిలు మీద పోతున్నాయన కాలు ఆనించి ఆగాడు. మేస్త్రి గారు వాళ్ళందరినీ ఒకసారి కలియజూసి, "సరేనండి, కూర్చోండి" అన్నారు.

ఆయనకి మొదటిసారే వినపడిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.