మామయ్య చేలో మట్టి మిషను

అప్పట్లో మా ఈడు కుర్రాళ్లందరికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. ఒకడు అగ్గిపెట్టె లేబుళ్లు దాచేవాడు, ఒకడు వచ్చిన ప్రతి సినిమా మొదటి ఆటకే చూసేవాడు, ఇంకొకడు వాలీబాల్ అంటే అన్నం మానేసేవాడు. అవన్నీ జేబులోనో గదిలోనో ఇమిడే పిచ్చులు. నాకు పట్టినది మాత్రం రెండు ఎడ్లబండ్లంత వెడల్పుగా, పెంకుటిల్లు కంటే ఎత్తుగా, నిలువెల్లా తుప్పు పట్టి ఉండేది. నేనేమో నందిగామలో పంపుసెట్లు అమ్మే షాపులో చిన్న ఉద్యోగిని. జీతం గది అద్దెకీ మెస్సుకీ పోగా, నెలాఖరుకి ఒంటిసబ్బు కొనాలా, బట్టల సబ్బుతోనే కానిచ్చేద్దామా అని ఆలోచించుకునే స్థితి. అలాంటివాడికి పాడుబడ్డ తవ్వకం మిషన్ని బాగుచేయాలని ఎందుకు బుద్ధి పుట్టిందని మీరు అడగవచ్చు. అప్పుడూ అందరూ అడిగారు.

ఆ మిషను జగ్గయ్యపేట దగ్గర పల్లెలో మా మేనమామ చేలో ఉండేది. కాలువ తవ్వే రోజుల్లో ఎవరో కంట్రాక్టరు దాన్ని అక్కడ పెట్టుకుంటానని అడిగాడట. పని అయిపోయాక, పాతబడిన దాన్ని మోసుకుపోవడం దండగనుకుని, ఉంచుకోండని చెప్పి వెళ్లిపోయాడు. ఇప్పుడు రోడ్ల పక్కన కనిపించే పసుపుపచ్చ మిషన్లలాంటిది కాదు. గొలుసు చక్రాల మీద గిర్రున తిరిగే ఇనుప గది, దాని ముందు పొడవాటి చెయ్యి, చెయ్యి చివర పెద్ద తొట్టి, అన్నింటినీ లాగే ఇనుప తాళ్లు. తొట్టిలో మామయ్య మేకలు మధ్యాహ్నం కునుకు తీసేవి. డ్రైవరు సీటు మీద కోడి పొదిగేది. (ఆ సీటు కోసం తర్వాత ఆ కోడితో నేను పడిన తగాదా వేరే కథ. గెలిచింది కోడే. పిల్లలు లేచేదాకా నేను కిందే పనిచేశాను.)

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి బెజవాడ నుంచి పాత ఇనుము కొనే ఆసామి వచ్చి, దాన్ని చేత్తో తడుతూ, ఎక్కడెక్కడ కోయాలో సుద్దతో గీతలు గీస్తున్నాడు. చేతిసంచి గట్టు మీద పడేసి మామయ్య దగ్గరికి పరిగెత్తాను.

"మామయ్యా, దాన్ని నాకిచ్చెయ్," అన్నాను.

"ఏం చేసుకుంటావురా?"

"బాగు చేస్తా."

"చేసి?"

ఆ రెండో ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "నడుపుతా," అన్నాను.

మామయ్య నన్నూ మిషన్నీ మార్చి మార్చి చూశాడు. "సరే అల్లుడూ. తొలకరి పడేలోగా అది దాని కాళ్లతో అది నా చేను దాటాలి. ఈ ఏడు ఆ నేల చెక్కలో కూడా పత్తి ఏద్దామనుకుంటున్నా. దాటకపోతే మాత్రం ఈయన కోసుకుపోతాడు. అప్పుడు నా ముందు మొహం ముడుచుకుని కూకుంటే ఊరుకునేది లేదు."

అది నల్లరేగడి. ఒక్క వాన పడితే మనిషి కాలే దిగబడి చెప్పు లోపలే ఉండిపోతుంది. ఇక అంత ఇనుము సంగతి చెప్పేదేముంది? మామయ్య మాటకి గడువిచ్చింది నిజానికి ఆకాశమే.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం మొదటి బస్సుకి వెళ్లి చివరి బస్సుకి తిరిగి రావడం నా ఉద్యోగమైంది. నాకు తోడు దొరికినవాడు సాయిబు బాబాయి. జీవితమంతా లారీ నడిపి మోకాళ్లు అరిగి ఇంటిపట్టున ఉన్న మనిషి. ఇంజను అంటే ప్రాణం. అయితే ఆయన దృష్టిలో ప్రపంచంలోని యంత్రాలన్నీ లారీలే. "ఇక్కడ గేరుబాక్సు ఉండాలే, ఎక్కడ పెట్టి చచ్చార్రా అబ్బాయ్?" అని దాని చుట్టూ కోపంగా తిరిగేవాడు. కనిపించనిదల్లా కంట్రాక్టరు కాజేశాడని తీర్మానించేవాడు. నేను పంపుసెట్ల షాపు పరిజ్ఞానంతో మాట్లాడేవాణ్ణి. ఇద్దరం కలిసి విప్పిన భాగాల్లో సగం విప్పక్కర్లేనివి.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. లోపల ఆముదం, కిరసనాయిలు కలిపి పోసి నానబెట్టాలన్నాడు బాబాయి. ఆముదం అత్తయ్య తలకి దాచుకున్నది. కిరసనాయిలు అత్తయ్య స్టవ్వుకి దాచుకున్నది. "నీ మిషనుకి తలంటు పోస్తున్నావా నాయనా? నా కూర ఎట్టా ఉడకాల?" అని ఆవిడ డబ్బా దాచేస్తే, దాన్ని వెతికి తెచ్చిచ్చింది మామయ్య కూతురు, అంటే నా మరదలు. ఇంటరు పాసై, పైచదువుకి పంపరని తెలిసి, ఇంట్లో అందరి మీదా సమానంగా కోపంగా ఉన్న పిల్ల. మొదట్లో అరుగు మీద నుంచే వెక్కిరించేది. "బావా, అది లేస్తే నా పేరు మార్చుకుంటా." తర్వాత మెల్లగా చేలోకి వచ్చింది. కొత్త వాషర్లు కొనే స్తోమత లేక నేను తల పట్టుకుంటే, ఇంట్లో ఉన్న పెళ్లి శుభలేఖలన్నీ తెచ్చి, కుట్టుపని కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఇచ్చింది. మందపాటి అట్టలు, నూనె పీల్చుకుని అద్భుతంగా పనిచేశాయి. (మా బంధువుల్లో చాలామంది దంపతులు ఆ ఇంజనులో నూనె కారకుండా కాపలా కాశారని వాళ్లకి ఇప్పటికీ తెలియదు.) రైస్‌మిల్లు పారేసిన బెల్టు ముక్కలు బ్రేకులయ్యాయి. గాలి వడకట్టే డబ్బాలో కొబ్బరి పీచు కూరాం. గొలుసు చక్రాలకి ఎడ్లబండి కందెన.

ఊళ్లో నన్ను పిచ్చోడనడం మానేశారు. అంటే బాగుపడ్డాననుకున్నారని కాదు, అలవాటైపోయింది. షాపులో మా యజమాని నా గోళ్లలో నల్లమడ్డి చూసి, "మన పంపుసెట్లు రిపేరుకి వస్తున్నాయని జనం అనుకుంటారయ్యా, చేతులు వెనక్కి పెట్టుకుని మాట్లాడు," అనేవాడు. అలాగే చేతులు వెనక్కి పెట్టుకుని అమ్మాను. ఎండలు ముదిరాయి. ఇంజను కదిలింది కానీ అంటుకోలేదు. ఒకసారి అంటుకుంది కానీ ఆగిపోయింది. మళ్లీ విప్పాం.

చివరికి ఒక ఆదివారం, రోహిణి ఎండలింకా పూర్తికాకుండానే, వేదాద్రి వైపు నుంచి మబ్బు లేచింది. సరిగ్గా ఆ రోజే ఇనుము ఆసామి లారీ వేసుకుని, గ్యాసు సిలిండర్లతో చేలోకి దిగాడు. మామయ్య పిలిపించలేదట, మబ్బు చూసి తనే వచ్చాడట. బాబాయి తెలిసినవాళ్ల లారీ బ్యాటరీలు రెండు అడిగి తెచ్చాడు. మీట నొక్కాను. మిషను దగ్గింది, ఉమ్మింది, ఒక నల్లటి పొగ వదిలి, భూమి అదిరేలా మొదలైంది. మేకలు ఒక్క దూకులో తొట్టి ఖాళీ చేసి ఊరి దారి పట్టాయి.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. నడిచేటప్పుడు ఒక పెడలు తొక్కి పట్టకపోతే పైగది దానంతటది తిరిగిపోతుంది. దాన్ని పట్టి ఉంచే కొక్కెం విరిగిపోయింది. నా చేతులూ కాళ్లూ మిగతా మీటలకే చాలడం లేదు. బాబాయికి మోకాళ్లు. "ఎవరన్నా ఎక్కండయ్యా!" అని అరిచాను. చుట్టూ చేరిన మగాళ్లందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. మరదలు పరికిణీ దోపుకుని ఎక్కేసింది.

"ఏయ్, దిగవే!" అని మామయ్య కేక.

"దిగితే ఇది తిరిగిద్ది నాన్నా! పక్కకి జరుగు!"

మామయ్య జరిగాడు. ముందు బాబాయి నడుస్తూ, "రానీ, రానీ, ఎడమకి కొయ్యి!" అంటున్నాడు. అది ఎడమకి తిరగదు. మీట లాగినా ఎడమ పక్క గొలుసు చక్రాలు ఆగడం లేదు. ఎడమకి పోవాలంటే కుడివైపు చుట్టంతా తిరిగి రావాలి. అలా గానుగెద్దులా తిరుగుతుండగా వాన అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. "ఆపావంటే ఇక లేవదు, పోనీ బావా," అంది మరదలు, పెడలు మీద రెండు కాళ్లతో నిలబడి. పోనిచ్చాను. ఒక చుట్టు, ఇంకో చుట్టు, మామయ్య ముళ్లకంచె ఓ పది బారల మేర నేలమట్టం చేసి, రోడ్డెక్కాం.

వెనక్కి చూస్తే ఇనుము ఆసామి లారీ ఇరుసుదాకా దిగబడి ఉంది. ఆయన వానలో తడుస్తూ, చేతులు జోడించాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాడు. బాబాయి ఎంతో గంభీరంగా వెళ్లి ఇనుప తాడు కట్టాడు. ఆయన కోయడానికి వచ్చిన మిషనే ఆయన లారీని గట్టుకి లాగింది. ఖాళీ లారీ వెళ్లిపోతుంటే ఊరంతా ఈల వేసింది.

మామయ్య మాత్రం తడిసిన తువ్వాలు పిండుకుంటూ, "ఊరందరి ముందూ ఆడపిల్ల ఎక్కింది. ఇక దీన్నెవడు చేసుకుంటాడు?" అన్నాడు.

"ఎక్కించుకున్నోడే," అన్నాడు బాబాయి.

ఆ పిల్ల ముందుగా నా గోళ్లు చూసి, "కడుక్కుంటే ఆలోచిస్తా," అంది. పైచదువు చదివించాలన్న షరతు మీద ఒప్పుకుంది. పెళ్లయ్యాక బి.ఎ. పాసైంది.

మిషను నాలుగైదు వేసవులు చుట్టుపక్కల చేల మురుగు కాలువలు తవ్వింది, ఎప్పుడూ కుడివైపే తిరుగుతూ. ఆ తర్వాత లోపల పెద్ద పళ్లచక్రం పగిలింది. దానికి శుభలేఖలు చాలలేదు. ఇనుము వాళ్లు వచ్చి కోసుకుపోయిన రోజు నేను దగ్గరుండి చూశాను. మామయ్యే ఇంట్లోంచి బయటికి రాలేదు. తలనొప్పి అన్నాడు.

ఇప్పుడు ఇంట్లో మిక్సీ ఆగిపోతే నేను రిపేరు కుర్రాడికి ఫోన్ చేస్తాను. వాడు వచ్చి విప్పుతుంటే టార్చిలైటు పట్టుకుని బుద్ధిగా నిలబడతాను. మొన్న వాడు, "అంకుల్, మీకు ఇట్టాంటియ్యి అలవాటు లేదనుకుంటా, లైటు కొంచెం ఇటు," అన్నాడు. వంటింట్లో మా ఆవిడ నవ్వు వినిపించింది. నేను లైటు అటు తిప్పాను. దేనికి పనికొస్తుందో కూడా తెలియకుండా అంత ఇనుముని లేపుతానని బయల్దేరిన అప్పటి ఆ కుర్రాడు గుర్తొస్తే నాకూ నవ్వే వస్తుంది. నవ్వయ్యాక, వాడంటే కాస్త అసూయ కూడా.