ఊపిరి జబ్బును కడుపులో పసిగట్టిన కరుణమ్మ

డాక్టర్ మేరీ కరుణ ఇక లేరన్న కబురు పోయిన ఆదివారం పొద్దున కట్టంగూర్ నుంచి ఫోనులో వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ ముందురోజే నాతో మాట్లాడి, చౌటుప్పల్‌లో ఫ్లూ జ్వరాలు ఎట్లా ఉన్నాయో అడిగి తెలుసుకున్న మనిషి. కబురు చెప్పినాయన రెండోసారి చెప్పేదాకా నాకు నమ్మశక్యం కాలేదు. నన్ను వైద్యుడిగా తీర్చిదిద్దిన ఆ మహనీయురాలి గురించి దుఃఖంతో రాయాలని కూర్చున్నాను గానీ, ఆమె జీవితాన్ని తలచుకుంటే కన్నీటికంటే ముందు గర్వమే పొంగుతున్నది.

కట్టంగూర్ దగ్గర ఒకరి పొలాల్లో కూలి చేసిన దంపతుల బిడ్డ ఆమె. వాళ్ల వాడ నుంచి డాక్టరైన మొదటి మనిషి. పట్నంలో పెద్ద కొలువులు పిలిచినా పోలేదు. చౌటుప్పల్ చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఉద్యోగ జీవితమంతా గడిపి, రిటైరయ్యాక సొంతూరు చేరారు. పెండ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, తీరిక దొరకలేదని నవ్వేవారు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరి ఆమె పక్క కుర్చీలో కూర్చున్న రోజుల్లో, దగ్గుతో వచ్చిన రోగి కడుపును కూడా ఆమె నొక్కి చూడటం వింతగా అనిపించేది. ఎందుకని అడిగాను. "తమ్మీ, ఊపిరితిత్తులు, పేగులు ఆనుకొని ఉన్న ఇండ్ల లెక్క. ఒక ఇంట్ల మంటలేస్తే పక్కింట్ల పొగ నిండదా?" అన్నారు. ఆ మాటలోని శాస్త్రం ఎంత లోతైనదో కరోనా రెండో విడతలో నా కండ్లతో చూశాను.

మా కేంద్రం పరిధిలోని ఒక చేనేత గ్రామంలో లగ్గం జరిగింది. వంట చేసినామె బాలమణి. భర్త పోయాక లగ్గాలకు, దినాలకు వండిపెట్టి ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తున్న మనిషి. లగ్గమైన కొద్ది రోజులకే ఊరిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. విందు తిన్నవాళ్లే మంచం పట్టడంతో నింద ఆమె మీద పడింది. ఆమె గిన్నెలు, గంటెలు వీధిలోకి విసిరేశారు. పోలీసులకు ఫిర్యాదు చేద్దామన్నారు. అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు నర్సింహ. మంచి పనిమంతుడైన నేతగాడు, పెండ్లికొడుకు మేనమామ. ఆయన కూడా కడుపునొప్పితో మెలికలు తిరుగుతూనే ఆ మాట అంటున్నాడు.

మేము వెళ్లేసరికి బాలమణి తలుపు లోపలి నుంచి గొళ్లెం పెట్టుకొని ఉంది. కరుణమ్మ ఆ తలుపు దగ్గరికి పోలేదు. ముందు రోగుల దగ్గరికి పోయారు. ఒక్కొక్కరి కడుపు నొక్కి చూసి, తర్వాత వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి విన్నారు. వాసన తెలుస్తున్నదా అని అడిగారు. విందుకే రాని ఒక ముసలమ్మకు కూడా విరేచనాలవుతున్నాయనీ, లగ్గానికి పోయివచ్చిన కొడుకు ఆమె పక్కనే పడుకొని దగ్గుతున్నాడనీ తెలిసింది. అప్పుడు అందరి ముక్కుల్లో పుల్ల పెట్టి పరీక్ష చేయించారు. దాదాపు అందరికీ కరోనా అని తేలింది.

నర్సింహ ఒప్పుకోలేదు. దగ్గు రోగానికి కడుపెట్లా పాడవుతుందని నిలదీశాడు. కరుణమ్మ అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నారు. ఈ పురుగు ఊపిరితో లోపలికి వచ్చినా పేగుల్లో కూడా జాగా చేసుకుంటుందనీ, కొందరికి దగ్గు కంటే ముందు విరేచనాలే కనిపిస్తాయనీ నిదానంగా వివరించారు. తర్వాత ఊరంతా వినేటట్టు ఒక మాట చెప్పారు.

"రోగం లగ్గంల అంటిన మాట నిజమే. గానీ అన్నంతోటి గాదు, గాలితోటి. బాలమణి తప్పేం లేదు."

గిన్నెలు విసిరినవాళ్లే ఒక్కొక్కటీ ఏరి తెచ్చి ఆమె గడపలో పెట్టారు. తలుపు తెరుచుకుంది. కరుణమ్మ మేడం నర్సింహ వేలికి మీటరు పెట్టి చూడగా ఆయనకు ఆక్సిజన్ పడిపోతున్నదని తెలిసింది. వెంటనే నల్లగొండ దవాఖానకు పంపించారు. వట్టి కడుపు జబ్బే అనుకొని ఇంట్లో ఉంచి ఉంటే ఆయన దక్కేవాడు కాదు. ఆ ఊరిలో మంచం పట్టిన వాళ్లందరూ బతికి బయటపడ్డారు. ఆ రోజుల్లో అది ఎంతటి విజయమో వైద్యులకు తెలుసు.

అయినా కథ అక్కడితో తీరలేదు. నర్సింహ ఇంటికొచ్చాడు గానీ ఆయన కడుపు కుదుటపడలేదు. తిన్నది నిలవదు, లేదా ఉబ్బరం. మగ్గంలో కూర్చున్నవాడు మాటిమాటికీ లేచి పోవాల్సి వచ్చేది. క్యాన్సరేమోనని లోలోపల కుమిలిపోయాడు. ఎవరు ఏ గోలీ ఇచ్చినా మింగాడు. మనిషి సగమైపోయాక భార్య ఆయన్ను మేడం దగ్గరికి తీసుకొచ్చింది.

మేడం అవసరమైన పరీక్షలన్నీ చేయించి, ప్రమాదకరమైన జబ్బేదీ లేదని నిర్ధారించుకున్నారు. అక్కర లేకుండా వాడుతున్న యాంటీబయాటిక్ గోలీలు మాన్పించారు. "నర్సింహా, మన పేగులల్ల కంటికి కనబడని మంచి పురుగులుంటయి. జరమొచ్చినప్పుడు సగం చెదిరినయి, తిండి తినక కొన్ని, గీ గోలీలకు కొన్ని పోయినయి. అవి మల్ల రావాలె. జర ఓపిక పట్టు" అన్నారు. మెత్తటి అన్నం, కడుపు ఒప్పుకున్న మేరకు పెరుగు, తర్వాత కొద్దికొద్దిగా జొన్న రవ్వతో వండిన గటక, కూరగాయలు. అద్భుతమైన మందేదో ఉందని ఆశ పెట్టలేదు. కోలుకోవడానికి నెలలు పట్టవచ్చని దాచకుండా చెప్పారు. ఆ దారిన పోయినప్పుడల్లా ఆయన మగ్గం గుంట పక్కన కూర్చొని పలకరించారు. రోగి భయాన్ని కూడా రోగంలో భాగంగా చూసి చికిత్స చేయడం ఆమె ప్రత్యేకత.

వానలు వెళ్లిపోయే కాలానికి నర్సింహ మునుపటిలా, మధ్యలో లేవకుండా మగ్గం నేయసాగాడు. ఆ ఊరిలో ఇంకొక శుభకార్యం వచ్చింది. వంట బాలమణిదే. ఆహ్వానం మీద మేమూ వెళ్లాం. నర్సింహ వచ్చి పంక్తిలో కూర్చున్నాడు గానీ విస్తరి ముందు తల ఎత్తలేకపోయాడు. బాలమణి తానే వచ్చి అన్నం వడ్డించింది.

"తిను అన్నా. నీ కడుపు ఒప్పుకుంటె నాకు గదే చాలు."

ఆయన కడుపునిండా తిన్నాడు. మారు వడ్డించుకున్నాడు. ఆ దృశ్యాన్ని చూస్తున్న మేడం ముఖంలోని ఆనందాన్ని నేను ఏ సన్మాన వేదిక మీదా చూడలేదు. దవాఖానలో ప్రాణం నిలిపి చేతులు దులుపుకోకుండా, మనిషిని మళ్లీ పంక్తిలోకి తెచ్చి కూర్చోబెట్టిన వైద్యం ఆమెది.

అంత్యక్రియలు సోమవారం కట్టంగూర్‌లో జరిగాయి. ప్రార్థన ముగిశాక పాస్టర్ గారు, సమాధిలో మట్టి వేయడానికి ముందుగా కుటుంబ సభ్యులు రావాలని కోరారు. తల్లిదండ్రులు ఏనాడో గతించారు, తోబుట్టువులు లేరు. అప్పుడు వెనుక నిలబడిన చేనేత గ్రామం మొత్తం, ఆడా మగా, పిల్లాజెల్లాతో సహా, ఒక్కసారిగా ముందుకు నడిచింది. పాస్టర్ గారు పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు. ఆ వరుస ఎంతసేపు సాగిందంటే, నా వంతు వచ్చేసరికి గుంత దాదాపు నిండిపోయింది. ఆ కాస్త ఖాళీలో నా పిడికెడు మట్టి వేసి, నా గురువుకు చివరిసారిగా నమస్కరించాను. ఆమె స్థానాన్ని నింపగలిగేవారు మాత్రం మాలో ఎవరూ లేరు.